చెన్నై డాబా మీద గ్రీన్‌హౌస్, కూరగాయల పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెరంబూరు, అంబత్తూరు, కొరట్టూరు, టి.నగర్, తాంబరం అని లేకుండా చెన్నైలో డాబా ఉన్న తెలుగువాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. కొన్నిటికి కాస్త కూర్చుని మాట్లాడుకోవాలి.

అసలే ఎండలు మండే ఊరు. ఇక్కడ గ్రీన్‌హౌస్ ఎందుకండీ?

న్యాయమైన ప్రశ్న. గ్రీన్‌హౌస్ చలిదేశాలవాళ్ళ అవసరం కొద్దీ పుట్టింది. గాజులోంచి ఎండ లోపలికి వస్తుంది, వేడెక్కిన గాలి బయటికి పోదు, మంచు కురిసే చోట కూడా మొక్క బతుకుతుంది. చెన్నైలో జనవరి రాత్రి కూడా 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. వేడిని పట్టి ఉంచాల్సిన రోజు మనకు ఏడాదిలో ఒక్కటీ లేదు.

మనకున్న ఇబ్బందులు వేరు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నపు ఎండ. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వాన. ఏడాది పొడుగునా ఆకుల రసం పీల్చే తెల్లదోమ. ఈ మూడింటినీ అడ్డుకుంటూ గాలిని మాత్రం అడ్డుకోని కట్టడం కావాలి. కాబట్టి మీరు కట్టబోయేది గది అనుకోకండి, గొడుగు అనుకోండి. పక్కలు తెరిచి ఉంటాయి, పైన కప్పు కాలాన్ని బట్టి మారుతుంది. అది ఒప్పుకుంటే మిగతా నిర్ణయాలన్నీ తేలికవుతాయి.

వీడియోల్లో చూపించే గాజు ఇల్లు, పాలికార్బనేట్ ఇల్లు చాలా అందంగా ఉన్నాయి. అలాంటిది కట్టించుకోవచ్చా?

ఫోటోకి బాగుంటుంది. మేలో లోపలికెళ్ళి పది నిమిషాలు నిలబడి చూడండి. అన్నివైపులా ప్లాస్టిక్‌తో మూసిన పాలీహౌస్‌లో బయటికన్నా 5 నుంచి 10 డిగ్రీల వేడి ఎక్కువుండటం మామూలే. బయట 38 ఉన్నప్పుడు లోపల ఎంతో మీరే లెక్కేసుకోండి. ఆ వేడికి వంగ, బెండ కూడా తలలు వేలాడేస్తాయి.

ఇప్పటికే పాలికార్బనేట్ షీట్లు కొనేసి ఉంటే పారేయక్కర్లేదు. వాటిని పైకప్పుగా మాత్రమే వాడి నాలుగు పక్కలూ వదిలేయండి. వేసవిలో షీటుకు పైన, అడుగు ఎడంతో షేడ్‌నెట్ కట్టండి. నెట్ షీటుకు కింద కడితే ఎండ అప్పటికే లోపలికి వచ్చేసి ఉంటుంది, లాభం సగమే.

షేడ్‌నెట్ ఎంత శాతం తీసుకోవాలి? ఏ రంగు?

దుకాణాల్లో 35, 50, 75, 90 శాతం దొరుకుతాయి. ఆ అంకె, నెట్ ఎంత వెలుతురును ఆపుతుందో చెబుతుంది. కూరగాయలకు 50 దాటొద్దు. కాయ కాసే మొక్కలకు 35 మేలు, ఆకుకూరలకూ నారుకూ 50 బాగుంటుంది. 75 శాతం నెట్ కార్ల మీదికీ, మనుషులు కూర్చునే వరండాలకూ పనికొస్తుంది. దాని కింద పెట్టిన టమాటా వెలుతురు కోసం సన్నగా, పొడుగ్గా సాగిపోతుంది. ఆకు బోలెడు వస్తుంది, పూత ఉండదు. "మొక్క ఏపుగా పెరిగింది గానీ కాయట్లేదు" అనేవాళ్ళ డాబా ఎక్కి చూస్తే చాలాసార్లు తలమీద 75 శాతం ఆకుపచ్చ నెట్టే కనిపిస్తుంది.

రంగు సంగతికొస్తే, నల్ల నెట్ ఎక్కువ కాలం మన్నుతుంది గానీ తాను వేడెక్కి ఆ వేడిని కిందికి వదులుతుంది. మొక్కలకు బాగా పైన కడితే పర్వాలేదు. తెల్లది వెలుతురును నలుమూలలకూ చెదరగొడుతుంది, నా ఓటు దానికే. ఆకుపచ్చది అన్నిచోట్లా దొరుకుతుంది, అంతకుమించి దానికి ప్రత్యేకతేమీ లేదు. ఏ రంగైనా యూవీ (ఎండలోని అతినీలలోహిత కిరణాలు) తట్టుకునే రకమా అని అడిగి మరీ తీసుకోండి. కానిది రెండు వేసవులు తిరిగేసరికి పొడిపొడిగా రాలి, మీ మట్టిలోనే ప్లాస్టిక్ ముక్కలై కలుస్తుంది.

నెట్ ఒకసారి కట్టేస్తే ఏడాదంతా అలాగే ఉంచొచ్చా?

ఉంచకూడదు. ఎక్కువ డాబాల మీద కాపు తగ్గేది ఇక్కడే. మార్చి చివరి నుంచి జూన్ దాకా షేడ్‌నెట్ కావాలి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా మబ్బుంటే తీసేయొచ్చు, ఎండ కాస్తే పడమటి వైపు మాత్రం ఉంచొచ్చు. అక్టోబర్ నడిమి నుంచి డిసెంబర్ దాకా దాని చోట 200 మైక్రాన్ల యూవీ పాలిథీన్ షీటు వేయాలి. వాన ఆగాక, జనవరి ఫిబ్రవరిల్లో పైన ఏమీ లేకపోయినా మంచిదే, ఆ ఎండ కూరగాయలకు వరం.

అందుకే నెట్‌ను ఫ్రేముకు కుట్టేయకుండా, తీగ మీద కర్టెన్‌లా జరిగేట్టు కట్టించుకోండి. రింగులు వేసి, సన్నని స్టీలు తీగ మీద లాగితే ఇంట్లో ఎవరైనా ఒక్కరే తీయగలరు, వేయగలరు. నిచ్చెన ఎక్కి ముడులు విప్పే ఏర్పాటైతే ఎవరూ విప్పరు.

డాబా మీద ఏ దిక్కుగా కట్టాలి? వాస్తు కాదు, ఎండ గురించి అడుగుతున్నా.

చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారంలో ఒక రోజు, ఆగస్టు మూడో వారంలో ఒక రోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెంటికీ నడుమ, మే జూన్ జూలైలలో, మధ్యాహ్నపు ఎండ కాస్త ఉత్తరం నుంచి పడుతుంది. ఇది చాలామంది పట్టించుకోరు. దక్షిణం వైపే నెట్ దించి, ఉత్తరం వైపు మొక్కలు ఎందుకు మాడుతున్నాయని అడుగుతారు.

డిసెంబర్‌లో కథ తిరగబడుతుంది. మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 53, 54 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణం పక్కన పది అడుగుల నీళ్ళ ట్యాంకు గానీ మెట్లగది గానీ ఉంటే, దాని నీడ ఉత్తరానికి ఏడు అడుగుల పైన పరుచుకుంటుంది. చలికాలపు పంటే మనకు ముఖ్యం కాబట్టి ఆ ఏడు అడుగులూ వదిలి కట్టండి. ఆ నీడ చోటు నారు ట్రేలకూ ఎరువు డబ్బాలకూ వాడుకోవచ్చు.

ఇక గాలి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయం నుంచి వస్తుంది. ఆ వైపు ఏదీ అడ్డం పెట్టకండి. మేలో పడమటి గాలి గట్టిగా వీచిన రోజు సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, ఉష్ణోగ్రత 40 దాటేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. కాబట్టి పడమర పక్క మాత్రం నెట్ కిందిదాకా దించండి. అంతకన్నా మంచి ఉపాయం, ఆ పక్కన దొండ పందిరో బీర పందిరో వేయడం. నీడకు నీడ, కూరకు కూర.

ఫ్రేము దేనితో? ఎంత ఎత్తు?

జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు, మొదటి ఎంపిక. సరుగుడు కర్రలు చవక, చెన్నై చుట్టుపక్కల తేలిగ్గా దొరుకుతాయి, రెండు మూడేళ్ళు నిలుస్తాయి. మొదటిసారి కట్టేవాళ్ళు సరుగుడుతో మొదలుపెట్టమంటాను, ఎక్కడ ఏం కావాలో తెలిశాక ఇనుముకు వెళ్ళొచ్చు. పీవీసీ పైపు ఎండకు వంగుతుంది, చిన్న నారుమడికి తప్ప వద్దు. బెసెంట్ నగర్, తిరువాన్మియూరు, ఈసీఆర్ వైపు సముద్రానికి దగ్గరున్నవాళ్ళకు జీఐ కూడా వెల్డింగు చేసిన చోట తుప్పు పడుతుంది. అక్కడ వెల్డింగు మానేసి క్లాంపులతో బిగించుకోండి, బిగింపుల మీద జింకు పెయింటు వేయండి.

ఎత్తు నడిమిలో తొమ్మిది, పది అడుగులు. తక్కువైతే వేడిగాలి మొక్కల తలల మీదే తిరుగుతుంది. ఎక్కువైతే గాలికి తట్టుకోదు.

శ్లాబు బరువు ఆపుతుందా? ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోవట్లేదు.

వాళ్ళ భయం ఉత్తిది కాదు. మనుషులు ఎక్కి తిరిగే డాబాకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోలు. చదరపు అడుగుకు 14 కిలోలు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు సంచిలో 28 లీటర్ల మట్టి పడుతుంది, తడిస్తే 45 కిలోల పైమాటే. అలాంటి సంచులు పక్కపక్కనే పేరిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

చేయాల్సింది ఇది: ఉత్త మట్టి వద్దు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువున్న మిశ్రమం వాడండి, బరువు దాదాపు సగానికి దిగుతుంది. బరువైన సంచులు గోడల మీదుగా, దూలాల మీదుగా వచ్చే వరసలో పెట్టండి, గది నడిమధ్య మీద కాదు. నడవడానికి దారులు వదలండి. రెండు వందల లీటర్ల డ్రమ్ము నిండా నీళ్ళంటే రెండు వందల కిలోలు ఒక్క చోట పడ్డట్టే, దాన్ని స్తంభం మీదికి జరపండి.

మైలాపూరు, తిరువల్లిక్కేణి వైపు పాత ఇళ్ళలో ఉండేవాళ్ళకు ఒక హెచ్చరిక. మీ పైకప్పు కాంక్రీటు శ్లాబు కాకపోవచ్చు. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన మద్రాస్ టెర్రస్ అయి ఉండొచ్చు. కిందినుంచి చూస్తే దూలాలు కనిపిస్తాయి. దాని మీద నాలుగు తులసి కుండీలు పెట్టుకోండి చాలు. తోట వేయాలంటే ఇంజినీరు వచ్చి చూడాల్సిందే.

శ్లాబుకు నెమ్ము దిగదా?

కుండీ నేలకు ఆనిస్తే దిగుతుంది. ఇటుకల మీదో ఇనుప స్టాండు మీదో అరడుగు ఎత్తులో పెట్టండి. కింద గాలి ఆడాలి, చీపురు పట్టాలి. ఫ్రేము కోసం శ్లాబుకు రంధ్రాలు వేయకండి, వాటర్‌ప్రూఫింగు పాడయ్యేది అక్కడే. పెయింటు బకెట్లలో పైపు నిలబెట్టి కాంక్రీటు పోసి, వాటిని పిట్టగోడకు క్లాంపులతో కలిపితే గట్టిగా ఉంటుంది.

ఇంకో సంగతి. తమిళనాడులో ప్రతి భవనానికీ వాననీటి సేకరణ 2003లో తప్పనిసరి అయింది, మీ డాబా నీళ్ళు బహుశా ఇంకుడు గుంతకే పోతాయి. గొట్టం నోటికి జల్లెడ పెట్టకపోతే కోకోపీట్, మట్టి కొట్టుకుపోయి గుంత పూడుతుంది.

తుపాను వస్తే?

విప్పేయండి. ఎంత గట్టిగా కట్టాం అన్నదానికన్నా ఎంత త్వరగా విప్పగలం అన్నది ముఖ్యం. 2016 డిసెంబర్ 12న వార్దా చెన్నై మీదుగా వెళ్ళినప్పుడు వేళ్ళూనిన చెట్లే వేలల్లో పడ్డాయి, మన పైపులెంత? నెట్ గానీ షీటు గానీ గాలిని పట్టుకునే తెరచాప. అది తీసేస్తే ఒట్టి పైపుల మధ్య నుంచి గాలి పోతుంది. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే కప్పు తీసి చుట్టేయండి, వేలాడే కుండీలు దించండి, పొడుగు మొక్కల సంచులు పిట్టగోడ వారకు చేర్చి పడుకోబెట్టండి.

తుపాను మన దగ్గర తీరం దాటకపోయినా వాన వదలదు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ దాటింది బాపట్ల దగ్గర, అంతకుముందే చెన్నైని ముంచేసింది. వాన షీటుకు వాలు బాగా ఉండాలి. ఒక చదరపు మీటరు గుంటలో పది సెంటీమీటర్ల నీరు నిలిచిందంటే అక్కడ వంద కిలోలు వేలాడుతున్నట్టు.

ఫాగర్లు (నీటిని మంచులా చల్లేవి), కూలర్ ప్యాడ్లు పెడితే చల్లబడదా?

నీరు ఆవిరైతేనే చల్లదనం. చెన్నై గాలిలో తేమ అప్పటికే నిండి ఉంటుంది, ఇంక ఆవిరి ఎక్కడ పడుతుంది? ఖర్చవుతుంది, ఆకులు తడిసి తెగుళ్ళు పెరుగుతాయి. వద్దు.

టమాటా పూత పూస్తోంది, రాలిపోతోంది. మందు ఏదైనా ఉందా?

ఇది ఏ నెలలో అడుగుతున్నారో చెప్పండి. ఏప్రిల్, మే, జూన్ అయితే మందు లేదు. టమాటా పుప్పొడి పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 దాటినా సరిగా పని చేయదు. చెన్నైలో మే రాత్రులు 28 దగ్గర ఉంటాయి. నెట్ పగటి ఎండను తగ్గించగలదు గానీ రాత్రిని చల్లబరచలేదు. ఆ మూడు నెలల్లో టమాటా కోసం బోరాన్ అనీ, హార్మోన్ అనీ డబ్బు పోసేకన్నా కోయంబేడు మార్కెట్ నుంచి కొనుక్కోవడం లాభం.

అదే టమాటాను సెప్టెంబర్ చివర్లో నారు పోసి, అక్టోబర్ చివర్లో వాన షీటు కింద నాటండి. డిసెంబర్ పూత నిలుస్తుంది, సంక్రాంతికి కాయ కోస్తారు. రెండో విడత నవంబర్‌లో నారు పోస్తే మార్చి దాకా కాపు నడుస్తుంది. పూత వేళ ఉదయం పూట కొమ్మను వేలితో తట్టితే పుప్పొడి రాలి పిందె బాగా పడుతుంది. కాయ అడుగున నల్లగా కుళ్ళితే అది పురుగు కాదు, నీళ్ళు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కావడంతో కాయకు కాల్షియం అందకపోవడం. ముందు నీళ్ళు సరిచేయండి, కాల్షియం కోసం ముగ్గుపిండి తర్వాత.

ఏ నెలలో ఏం వేయాలి? ఒక పట్టిక ఇస్తారా?

పట్టిక ఇస్తే దానికే కట్టుబడతారు, వానలు మాత్రం కట్టుబడవు. తీరు చెబుతాను.

ఇక్కడి తమిళ రైతులు ఆడి నెలలో, అంటే జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి దాకా, విత్తడానికి మించిన అదను లేదంటారు. డాబాకూ అది వర్తిస్తుంది. వంగ, మిరప, బెండ, బీర, కాకర, సొర, చిక్కుడు అప్పుడు పెడితే వానలు ముదిరేలోపు వేళ్ళు పట్టేస్తాయి. అక్టోబర్, నవంబర్‌లలో కొత్తగా ఆకుకూరలు చల్లకండి, షీటు కింద తప్ప మిగతాచోట నారుకుళ్ళు వచ్చి పోతాయి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మనకు బంగారు కాలం: టమాటా, ముల్లంగి, కొత్తిమీర, మెంతి, పాలకూర, బీట్‌రూట్, కాస్త ఓపికుంటే వేడి తట్టుకునే తొందర రకం కాలీఫ్లవర్. క్యారెట్ మీద ఆశ పెట్టుకోవద్దు, వేలంత కన్నా ఊరదు.

వేసవి వచ్చిందంటే తోట మూసేయాలనుకుంటారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట నిజమే, అయినా ఆ ఎండలో నవ్వుతూ నిలబడే కూరలు మనకున్నాయి. బెండ, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర, బచ్చలి, కాకర, దోస. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో విత్తితే కర్తరి నాటికి కాపులో ఉంటాయి. వీటిలో తోటకూర, బచ్చలికి తప్ప నెట్ అవసరం కూడా లేదు, నీళ్ళు అందితే చాలు.

పప్పులోకి మన పసుపుపచ్చ దోసకాయ, పుల్ల గోంగూర ఇక్కడ సరిగ్గా దొరకవు. డాబా మీద వస్తాయా?

హాయిగా వస్తాయి. నన్నడిగితే మొదట వేయాల్సినవి ఇవే, ఎందుకంటే మిగతావన్నీ వీధి చివర బండి మీద దొరుకుతాయి. గోంగూర గింజలు ఊరి నుంచి తెచ్చుకోండి, లేకపోతే ఇక్కడి విత్తనాల దుకాణంలో పుళిచ్చ కీరై అని అడగండి. ఎర్రకాడ రకం పులుపు ఎక్కువ. మొక్కను పీకకుండా కొనలు తుంచుకుంటూ పోతే నెలల తరబడి వస్తుంది. చలికాలంలో పొద్దు తగ్గగానే పూతకు పోయి ఆకు తగ్గుతుంది, అప్పుడు దిగులు పడకుండా గింజ కట్టుకోండి. చుక్కకూర మాత్రం చల్లని నెలల్లోనే.

దోసపాదుకు ఇరవై లీటర్ల సంచి ఒకటి చాలు. తీగను నేల మీదికి వదిలితే శ్లాబు వేడికి కాయ ఉడుకుతుంది, కింద కొబ్బరాకో ఎండుగడ్డో పరవండి.

బీర, సొర పిందెలు వేలెడంత అయ్యాక పసుపెక్కి రాలిపోతున్నాయి. ఏ లోపం?

చాలాసార్లు లోపం ఎరువుది కాదు, పెళ్ళి జరగలేదంతే. ఈ తీగల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు వెనక చిన్న పిందె ముందే ఉంటుంది, పుప్పొడి అందకపోతే అదే రాలుతుంది. నాలుగో అంతస్తు మీదికి తేనెటీగలు తక్కువ వస్తాయి, చుట్టూ పురుగుల నెట్ కట్టి ఉంటే అసలే రావు.

చేత్తో చేయొచ్చు. మగపువ్వు కోసి, రేకలు తుంచి, ఆడపువ్వు నడిమి జిగురు మీద మెల్లగా రాయాలి. ఎప్పుడు చేయాలన్నదే కిటుకు. దోస, కాకర, గుమ్మడి పూలు తెల్లవారుజామున విచ్చుతాయి, ఎండెక్కేలోపు ముగించండి. బీర, సొర, పొట్ల సాయంత్రం, చీకటి పడే వేళ విచ్చుతాయి. పొద్దున్నే కాఫీ కప్పుతో వెళ్ళి సొరపువ్వుకు రాస్తే అప్పటికే దాని వేళ దాటిపోయి ఉంటుంది. టమాటా, వంగ, మిరపలకు ఈ తంటా లేదు. డాబా మీద రెండు కుండీల్లో తులసి, బంతి పూయనిస్తే పుప్పొడి మోసే పురుగులు వాటంతటవే వస్తాయి.

పురుగుల నెట్ చుట్టూ కట్టడం మంచిదా, కాదా?

తెల్లదోమను ఆపాలంటే 40 మెష్, అంటే అంగుళానికి 40 కన్నాలున్న నెట్ కావాలి. టమాటాలో ఆకుముడత వైరస్, బెండలో పల్లాకు తెగులు మోసుకొచ్చేది ఆ దోమే. అయితే అంత సన్నని నెట్ గాలినీ ఆపుతుంది. నేను చెప్పేది మధ్యేమార్గం: తోటంతా కట్టకండి, నారు ట్రేల మీద చిన్న గూడు కట్టి నెల రోజులు అందులో పెంచండి. లేతప్పుడు వైరస్ తగలకపోతే పెద్దయ్యాక తగిలినా కొంత కాపు ఇస్తుంది. మిగతాచోట పసుపు జిగురు అట్టలు వేలాడదీయండి.

మిరపలో ముడత. వేపనూనె కొట్టినా తగ్గలేదు.

ఆకు ఎటు ముడుచుకుందో ముందు చూడండి. అంచులు పైకి లేచి దోనెలా ఉంటే పైముడత, తామరపురుగుల పని. కిందికి వంగి తిరగేసినట్టుంటే కిందిముడత, నల్లి పని. రెండూ ఆకు అడుగునే ఉంటాయి, మనం పైన కొట్టి వచ్చేస్తాం. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి, సాయంత్రం, ఆకు అడుగు తడిసేట్టు, వారానికోసారి మూడు విడతలు. నల్లికి గంధకం పనిచేస్తుంది గానీ మే ఎండలో కొడితే ఆకు కాలుతుంది. వైరస్ వచ్చి, ఆకు చిన్నదై పసుపెక్కి గిడసబారితే మందు లేదు, మొక్క పీకేయండి. జాలి పడి ఉంచితే పక్క మొక్కలకూ ఎక్కుతుంది.

పిండినల్లి కనిపిస్తే ముందు చీమల దారి చూడండి. దాన్ని ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు చేర్చేవి చీమలే.

మట్టి ఎలా కలపాలి?

ఎర్రమట్టి ఒక వంతు, కోకోపీట్ ఒకటిన్నర, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు ఒక వంతు, సంచికి రెండు గుప్పిళ్ళ వేపపిండి. అయిదు కిలోల కోకోపీట్ దిమ్మ నానితే డెబ్బై లీటర్ల దాకా వస్తుంది. నానబెట్టిన నీళ్ళు రెండుసార్లు పారబోయండి, అందులో ఉప్పు ఉంటుంది. కోకోపీట్‌లో సొంత బలం లేదు, నెలకోసారి పైన ఎరువు వేయాల్సిందే. పంచగవ్య వాడేవాళ్ళు లీటరుకు 30 మిల్లీలీటర్లు దాటనీయకండి.

నల్ల సంచులు ఎండకు వేడెక్కి వేళ్ళను ఉడకబెడతాయి, బయటివైపు తెల్లగా ఉన్నవి తీసుకోండి.

నీళ్ళు ఎంత? బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయి.

మేలో కాపు మీదున్న వంగ మొక్క రోజుకు రెండు లీటర్ల దాకా తాగుతుంది, ఉదయం కొంత, సాయంత్రం కొంత ఇవ్వండి. యాభై సంచులు దాటితే డ్రిప్పు, టైమరు పెట్టుకోవడమే సుఖం, ఊరెళ్ళినా బెంగ ఉండదు. జనవరిలో మొక్కకు ఆ రెండు లీటర్లలో సగం చాలు. వేలు రెండు కణుపులు మట్టిలో దించి తడి తగిలితే ఆ పూట మానేయండి.

ఉప్పు నీళ్ళు పోస్తే సంచి అంచుల్లో తెల్లటి పొర పేరుకుంటుంది, ఆకు కొసలు మాడతాయి. బోరు నీళ్ళలో మంచినీళ్ళు కలపండి, ఈశాన్య వానలో సంచులను ఒకట్రెండు రోజులు బయట తడవనిస్తే ఉప్పు కడిగేసుకుపోతుంది. ఏసీ నుంచి కారే నీళ్ళు వాడుకోవచ్చు, వాటిలో ఉప్పుండదు. ఆర్వో మెషీను వదిలే నీళ్ళు మాత్రం వద్దు, ఉన్న ఉప్పంతా అందులోనే ఉంటుంది.

కుళాయిలో వచ్చే మెట్రోవాటర్‌లో కృష్ణ నీళ్ళూ ఉంటాయి, కండలేరు నుంచి ఊత్తుకోట మీదుగా పూండి జలాశయానికి చేరే తెలుగుగంగ. 1996లో తొలిసారి వచ్చాయి. అంత దూరం నుంచి వచ్చిన నీళ్ళను గొట్టంతో చల్లి సగం శ్లాబుకు తాగించడం నాకు మనసొప్పదు. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు ఎండిపోయినప్పుడు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. సంచి మీద ఎండాకులు రెండంగుళాలు కప్పండి, నీళ్ళ ఖర్చు బాగా తగ్గుతుంది.

దోమలు పెరుగుతాయని కింది ఇంటివాళ్ళు గొడవ పడుతున్నారు.

వాళ్ళ మాట వినండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నిలవున్న మంచినీటిలోనే. కుండీల కింద పళ్ళేలు తీసేయండి, డ్రమ్ముకు మూతో సన్న నెట్టో కట్టండి, వాన షీటు మడతల్లో నీరు నిలవనీయకండి.

బెంగళూరులో మా తమ్ముడు కూడా మొదలుపెడతానంటున్నాడు. వాడికీ ఇవే మాటలా?

కాదు. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి రాత్రులు చల్లన. మనకు మూడు నెలలు నిలిచే టమాటా పూత అక్కడ దాదాపు ఏడాదంతా నిలుస్తుంది. బీన్స్, క్యాప్సికం, క్యారెట్ కూడా పండించుకోవచ్చు. మార్చి ఏప్రిల్‌లలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఫాగర్ అక్కడ నిజంగా చల్లబరుస్తుంది. ఏప్రిల్ మే జల్లుల్లో వడగళ్ళు పడొచ్చు, పైన నెట్ గట్టిగా ఉండాలి. మన పసుపుపచ్చ దోస, గోరుచిక్కుడు మాత్రం చలికాలంలో అక్కడ మందగిస్తాయి.

ఖర్చు ఎంత అవుతుంది?

ధరలు ఏటా మారతాయి, అంకె రాయను. డబ్బులో పెద్ద వాటా ఫ్రేముకూ కూలికీ పోతుంది, నెట్‌కు కాదు. పది అడుగులు, పది అడుగులు మించకుండా మొదలుపెట్టండి. పైపులు, డ్రమ్ములు, పాత ఇనుప స్టాండ్లు పల్లావరం శుక్రవారం సంతలో చూడండి, మొక్కలూ దొరుకుతాయి. కూరగాయల ఖర్చులో మిగిలేదానితో పెట్టుబడి తిరిగొస్తుందా అంటే, ఆకుకూరలు బాగా తినే ఇంటికి మెల్లగా వస్తుంది. టమాటా ఒక్కటే లెక్కేసుకుంటే రాదు.

అపార్ట్‌మెంటులో ఉన్నాం. అనుమతి కావాలా?

డాబా అందరిది. అసోసియేషన్ నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి, నోటిమాట కమిటీ మారగానే మారుతుంది. విప్పి తీసేయగల నెట్ పందిరి వేరు, ఇనుప షీట్లతో శాశ్వతంగా వేసే కప్పు వేరు. రెండోది కట్టేముందు కార్పొరేషన్‌లో అడగండి. ట్యాంకు దగ్గరికి, లిఫ్టు గదికి వెళ్ళే దారి మూయకండి.

విత్తనాలు ఎక్కడ తీసుకోవాలి?

నాటు రకాలకు ఊరే మేలు: అమ్మగారింటి వంగ, చిక్కుడు, దోస గింజలు ఒకరి నుంచి ఒకరికి చేరాల్సినవే. తెగుళ్ళు తట్టుకునే రకాలు కావాలంటే బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థవి చూడండి, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. అర్క రక్షక్ టమాటా ఆకుముడత వైరస్‌ను, బాక్టీరియా ఎండుతెగులును, ఆకుమాడు తెగులును తట్టుకుంటుంది. హైబ్రిడ్ కాబట్టి దాని గింజ దాచుకుని మళ్ళీ వేస్తే అదే మొక్క రాదు. అర్క అనామిక బెండను పల్లాకు తెగులు తట్టుకునేట్టు తయారుచేశారు, దాని గింజ దాచుకోవచ్చు. వేడిలో ముల్లంగి కావాలంటే పూసా చేత్కి. పొట్లం మీద ప్యాకింగు తేదీ చూసి కొనండి, ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో గాలి చొరని డబ్బాలో పెట్టండి. చెన్నై ఉక్కకు అల్మారాలో ఉంచిన ఉల్లి, కొత్తిమీర విత్తనం వచ్చే ఏడాదికి మొలవదు.